ఆయాసమంతా ఉబ్బసం కాదు
శ్వాసనాళంలో గడ్డలు... ఏళ్ల తరబడి తప్పుడు వైద్యం

భవానీపురం: ఒకపక్క హైదరాబాద్ జాతీయ రహదారి దుమ్ము, మరోపక్క కృష్ణా తీరపు చలిగాలి. విజయవాడ పశ్చిమాన ఉన్న భవానీపురంలో ఆయాసం వస్తే ఉబ్బసమని, దగ్గు ఆగకుంటే క్షయ అని భావించడం పరిపాటి. చాలామంది విషయంలో అది నిజమే. కొద్దిమందిలో మాత్రం అసలు కారణం శ్వాసనాళంలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డ. అరుదైనది కావడంతో దానిని అనుమానించేవారే తక్కువ.

క్యాన్సర్ కాకున్నా...
మృదులాస్థి, కొవ్వు కలగలిసిన హామర్టోమా, కేవలం కొవ్వుతో ఏర్పడే లైపోమా, హెచ్‌పీవీ వైరస్ 6, 11 రకాల వల్ల వచ్చే పాపిల్లోమా ఈ కోవకు చెందినవి. పాపిల్లోమా పిల్లల్లో తొలుత గొంతు బొంగురుగా బయటపడుతుంది. ఇవి ఇతర అవయవాలకు పాకవు. ప్రమాదమంతా అవి పెరిగే చోటుతోనే. పెద్దవారి ప్రధాన శ్వాసనాళం వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. అది 8 మిల్లీమీటర్లకు కుంచించుకుపోయే వరకు నడిచినా ఆయాసం అంతగా తెలియదు. 5 మిల్లీమీటర్లకు చేరితే కూర్చున్నా ఊపిరాడదు.

పొరపాటు ఎక్కడ?
ఇరుకైన నాళంలో గాలి పోయేటప్పుడు ఉబ్బసంలో మాదిరే పిల్లికూతలు వినిపిస్తాయి. నాళం లోపలి చిన్న గడ్డ ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. గడ్డ వెనుక కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. ఆ మచ్చను చూసి, గళ్ల పరీక్షలో క్రిములు లేకున్నా క్షయ మందులు మొదలుపెట్టే సందర్భాలున్నాయి.

గుర్తించడం ఎలా?
ఇన్‌హేలర్‌ను సరిగా వాడినా గుణం కనిపించకపోవడం, పిల్లికూత ఒకవైపే వినిపించడం, న్యుమోనియా మళ్లీ మళ్లీ ఒకేచోట రావడం, కఫంలో రక్తం పడటం ముఖ్య సూచనలు. ఊపిరి వేగాన్ని కొలిచే స్పైరోమెట్రీలో గీత చదునుగా కనిపిస్తే అడ్డంకిని అనుమానించాలి. సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీలతో నిర్ధారణ అవుతుంది. సకాలంలో గుర్తిస్తే చాలావరకు బ్రాంకోస్కోపీ ద్వారానే తొలగించవచ్చు. ఆలస్యమైతే గడ్డకు ఆవలి ఊపిరితిత్తి భాగం పాడై, దానిని కోసి తీయాల్సి వస్తుంది.

సందేహంతో ఇన్‌హేలర్‌ను సొంతంగా మానేయడం ప్రాణాంతకం. పాత ఎక్స్‌రేలను పారవేయకుండా వైద్యునికి చూపడం మేలు. మచ్చ ప్రతిసారీ ఒకేచోట ఉందా అన్నది తేల్చేది అవే.