ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు సరే.. దాంతో దేన్ని కాల్చొచ్చు?

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లు, కోళ్ల ఫారాలు ఉన్నవాళ్లకు ఎలుకలు, పందికొక్కులతో తిప్పలు కొత్తేం కాదు. దాణా బస్తాలు కొరికేస్తాయి, డ్రిప్ పైపులకు చిల్లులు పెడతాయి. దీంతో కొందరికి తడుతున్న ఐడియా.. మంచి ఎయిర్ రైఫిల్ ఒకటి కొనేస్తే పోలా!

కొనడానికి చట్టం పెద్దగా అడ్డు చెప్పదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అవసరం లేదు. ఈ రెండింట్లో ఏది దాటినా లైసెన్స్ ఉండాల్సిందే. అంటే పాయింట్ 22 ఎయిర్ రైఫిల్‌ శక్తి తక్కువైనా సరే, లైసెన్స్ తప్పదు.

అసలు చిక్కు ట్రిగ్గర్ నొక్కాకే!

వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇదివరకు ఐదో షెడ్యూల్ ఉండేది. ఎలుకలు, కాకులు, పండ్లు తినే గబ్బిలాలు అందులో హానికర జీవులు. 2022 సవరణతో, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ జాబితానే పోయింది. ఎలుక ఇప్పటికీ రక్షిత జీవి కాదు. కానీ తోటలోకి వచ్చేది ఎలుక ఒక్కటే కాదుగా.. నెమలి మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. జామకాయలు కొరికే రామచిలుకకూ రక్షణ ఉంది. గురి తప్పినా తప్పించుకోలేరు. చట్టం దృష్టిలో వేట ప్రయత్నం కూడా వేటే.

ఇక మనుషుల సంగతి. 2023 జూలైలో శామీర్‌పేటలోని ఓ విల్లాలో కుటుంబ గొడవ ఎయిర్‌గన్ కాల్పుల దాకా వెళ్లింది, పోలీసులు ఒకరిని అరెస్ట్ చేశారు. ఎలుకల కోసం కొన్నా, సరదాకి కొన్నా.. గన్ ఇంట్లో ఉన్నప్పుడు కోపం కూడా అదే ఇంట్లో ఉంటుంది. పైగా ఇది బొమ్మ కాదు. 20 జౌల్స్ అంటే అరగ్రాము పెల్లెట్ సెకనుకు దాదాపు 280 మీటర్ల వేగంతో వెళ్తుంది. రాయికి, కాంక్రీట్ గోడకు తగిలి పక్కకు మళ్లుతుంది. ఒకప్పుడు ద్రాక్షతోటలున్న ఈ ప్రాంతంలో ఇప్పుడు వెంచర్ పక్కన వెంచర్. గోడ అవతల పిల్లలు ఆడుకుంటుంటారు.

పోనీ, ఎలుకలైనా తగ్గుతాయా? క్వాలిటీ రైఫిల్ అయితే గురి కుదురుతుంది, ఎలుక ఒక్క దెబ్బకే పోతుంది. చౌక రకంతో గాయపడిన ఎలుక ఏ సందులోకో దూరి చచ్చి కంపు కొడుతుంది. అయితే ఎంత మంచి రైఫిలైనా ఒక్కసారికి ఒక్క ఎలుకే. అవి తిరిగేది రాత్రి, పెరిగేది కలుగుల్లో. పది చచ్చేలోపు ఇంకో ఇరవై పుడతాయి.

రైతులకు తెలిసిన పద్ధతే ఇక్కడ నయం. సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూసేయాలి. తెల్లారి తెరుచుకున్నవే ఎలుకలున్న కలుగులు. మందు కలిపిన నూకల పొట్లాలు వాటిలోనే పెట్టి మళ్లీ మూసేయాలి. కోళ్ల షెడ్డు దగ్గరైతే మందు వద్దు, బోన్లే మేలు. దాణా బస్తాలు నేల మీద కాకుండా బల్లల మీద, గోడకు జానెడు దూరంలో పెడితే సగం బెడద అక్కడే తగ్గుతుంది.