పాత మేడలో క్రొత్త కాపురములు

బ్రిటను దేశమును 1714 మొదలు 1830 వరకు వరుసగా నలుగురు జార్జి రాజు లేలిరి. ఆ కాలపు ఇండ్లను జార్జియను ఇండ్లందురు. ఒక్క ధనిక కుటుంబమునకును దాని పరిజనమునకును కట్టిన ఆ మేడలను నేడు బాగుచేసి, అంతస్తున కొక కాపురముగా పంచుచున్నారు. ఇది పూర్వుల సొత్తును పాడుచేయుట యని కొందరి ఆక్షేపణ. మేము వారితో ఏకీభవింపజాలము. కాపురము లేని ఇల్లు ఎంత గొప్పదైనను కూలును. వాన కారుచోటు చూచువాడే యుండడు.

బాత్ నగరములోని రాయల్ క్రెసెంటును చూడుడు. తండ్రి పేరే గల జాన్ వుడ్ అను శిల్పి 1767-1774 నడుమ దానిని నిర్మించెను. నెలవంకవలె వంగిన వరుసలో ముప్పది ఇండ్లు. ఎదుట ఒకే తీరు స్తంభములు. కాని ఆ ముఖభాగము మాత్రమే ఆయనది. వెనుకటి ఇంటిని కొన్నవారు తమ యిష్టము చొప్పున కట్టించుకొనిరి. కావున లోపలి మార్పు ఆ యిండ్లకు క్రొత్త గాదు. వానిలో పెక్కు నేడు వాటాలుగా నున్నవి. ఎదుటి అందము చెడలేదు.

డబ్లిను నగరమున హెన్రియెట్టా వీధిలోని 14వ నంబరు మేడ గతి వేరు. ప్రభువులకై కట్టిన దానిని 19వ శతాబ్దపు చివర ముక్కలుగా విడగొట్టి బీదలకు అద్దెకిచ్చిరి. 1911 జనాభా లెక్కలలో ఆ యొక్క యింట నూరుగురు కనబడుదురు! 2018లో అది ఆ కాపురముల కథ చెప్పు మ్యూజియ మయ్యెను. దోషము పంచుటలో లేదు. అద్దె తప్ప వేరొకటి తలపని పంపకములో నున్నది.

పెద్దగది నడుమ అడ్డుగోడ లేపినచో, కప్పు అంచున చెక్కిన పూలతీగ సగమొక కాపురమునకును సగ మింకొకదానికిని పోవును. వంటగది, స్నానపుగది వెనుకటి చిన్నగదులలో నమర్చిన ఆ చిక్కు లేదు. కొయ్యనేలల గుండ చప్పుడును నిప్పును ప్రాకును గనుక అంతస్తుల నడుమ అడ్డు కట్టవలెను. అన్నిటికంటె హానికరము సిమెంటు. ఆ గోడలు సున్నముతో కట్టినవి. చెమ్మను పీల్చి మరల విడుచును. పైన సిమెంటు మెత్తినచో చెమ్మకు దారి మూసుకొని, మెత్తని రాయి పొరలు పొరలుగా రాలును. గానుగ సున్నము వాడిన మన పాత తాపీమేస్త్రీలకు ఈ మాట చెప్పనక్కరలేదు.

ఇక పన్ను సంగతి. బ్రిటనులో క్రొత్తయిల్లు కట్టినచో విలువపై వేయు పన్ను లేదు. పాతయింటిని పంచి కాపురముల సంఖ్య మార్చినచో నూటికి 5. ఉన్నదానిని ఉన్నట్లు మరమ్మతు చేసినచో సాధారణముగా నూటికి 20! ఇల్లు పంచువానిపై దయచూపు ప్రభుత్వము, కారు కప్పును సకాలమున బాగుచేయువానిపై ఏల చూపదో మాకు బోధపడకున్నది.