జన్యువు చెప్పే మోతాదు, ఊరికి అందని పరీక్ష

మన సైన్సు విద్యార్థులలో ఈమధ్య ఒక ఉత్సాహం కనబడుతోంది. రక్తపు బొట్టు తీసి జన్యువులు చదివేస్తే చాలు, ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది యంత్రమే చెప్పేస్తుందట! సెమినారులోనూ ఇదే మాట, క్యాంటీనులోనూ ఇదే మాట. దీనికి అందరూ చూపించే ఉదాహరణ వార్ఫరిన్, అంటే జనం 'రక్తం పల్చబడే మాత్ర' అనేది. (నిజానికి అది రక్తాన్ని పల్చన చేయదు, గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది.) ఉదాహరణ మంచిదే. కాని దాన్ని సగంలో వదలక చివరిదాకా చదివితే, మనం అనుకున్న చోటికి కాక మరో చోటికి తీసుకుపోతుందని నా అభిప్రాయం.

ఈ మందు పుట్టుకే ఒక వింత. 1920లలో అమెరికా ఉత్తర ప్రాంతంలోనూ కెనడాలోనూ స్వీట్ క్లోవర్ అనే గడ్డి, బూజు పట్టింది, మేసిన పశువులు చిన్న గాయానికే నెత్తురు ఆగక చచ్చిపోయేవి. 1933 చలికాలంలో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన పెయ్యనూ, పాలక్యాను నిండా గడ్డకట్టని నెత్తురునూ తెచ్చి యూనివర్సిటీలో కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి ముందు పెట్టాడు. ఆ విషాన్ని గడ్డిలోంచి విడదీయడానికి 1939 దాకా పట్టింది. దాని వరసలోనే తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది. 1954లో మనుషులకు అనుమతి దొరికింది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్‌కు కూడా ఇదే ఇచ్చారు. ఎలుకకూ దేశాధ్యక్షుడికీ మందు ఒకటే, తేడా అంతా మోతాదులో ఉంది.

ఆ మోతాదే కత్తిమీద సాము. ఒకరికి రోజుకు ఒక మిల్లీగ్రాము సరిపోతే, మరొకరికి పది మింగినా చాలదు. తక్కువైతే గడ్డ కట్టి పక్షవాతం, ఎక్కువైతే మెదడులోనో కడుపులోనో రక్తస్రావం. అందుకే ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్ష మాటిమాటికీ చేసి, అంకె సాధారణంగా 2కీ 3కీ నడుమ ఉండేట్టు (కొన్ని కృత్రిమ వాల్వులకు ఇంకాస్త ఎక్కువగా) చూసుకోవాలి.

మనిషికీ మనిషికీ ఇంత తేడా ఎందుకు? ఇక్కడే జన్యువులు ప్రవేశిస్తాయి. నెత్తురు గడ్డకట్టే పదార్థాలను కాలేయం తయారుచేయాలంటే కె విటమిన్ కావాలి. ఒకసారి వాడిన విటమిన్‌ను మళ్ళీ పనికివచ్చేట్టు చేసే ఎంజైము ఒకటుంది. వార్ఫరిన్ పట్టుకునేది దాన్నే. దాని జన్యువు వి.కె.ఓ.ఆర్.సి.1 సంగతి 2004లో బయటపడింది, అదీ మందుకు లొంగని మనుషులతోపాటు లొంగని ఎలుకలను కూడా పరిశీలించబట్టి! ఇక మందును కాలేయంలో విరగ్గొట్టే ఎంజైముది సి.వై.పి.2సి9 అనే మరో జన్యువు. అది మందకొడిగా ఉన్నవారిలో మందు ఒంట్లో నిలవపడిపోతుంది. కనుక ఈ రెండూ ముందే చూసుకుంటే మొదటి రోజునుంచే సరైన మోతాదు ఇవ్వవచ్చు గదా? తర్కం ముచ్చటగా ఉంది. అమెరికా ప్రభుత్వ మందుల శాఖ 2007లో వార్ఫరిన్ వివరపత్రంలో జన్యువుల మాట చేర్చింది, 2010లో ఏ జన్యువుకు ఎంత అని పట్టిక కూడా వేసింది.

తర్కానికి పరీక్ష 2013లో జరిగింది. ఆ ఏడాది పెద్ద ప్రయోగాల ఫలితాలు ఒక్కసారే వెలువడ్డాయి. యూరపులో 455 మంది మీద జరిగినదానిలో జన్యువు చూసి మందిచ్చినవారు మొదటి 12 వారాల్లో 67.4 శాతం కాలం సరైన హద్దులో ఉన్నారు, మామూలు పద్ధతివారు 60.3 శాతం. బాగానే ఉంది. అమెరికాలో 1,015 మంది మీద చేసినదానిలో మాత్రం నాలుగు వారాలకు 45.2, 45.4! తేడా లేనట్టే. కారణం తెలిస్తే మనకు కనువిప్పు. యూరపువారు జన్యువును పోల్చింది అందరికీ ఒకే తీరుగా మొదలుపెట్టే మోతాదుతో. అమెరికావారు పోల్చింది వయసు, బరువు, వాడే ఇతర మందులు అన్నీ అడిగి వేసిన లెక్కతో. అంటే డాక్టరు రోగిని పట్టించుకుని నాలుగు ప్రశ్నలు అడిగితే జన్యువుకు మిగిలే పని చాలా తగ్గిపోతోంది!

అంతకన్నా బాధాకరమైన అంకె ఇంకొకటి ఉంది. అమెరికా ప్రయోగంలోని నల్లజాతి రోగులలో జన్యువు చూసి మందిచ్చినవారు 35.2 శాతం కాలమే హద్దులో ఉన్నారు. చూడకుండా లెక్కగట్టినవారు 43.5 శాతం. శాస్త్రం వారికి మేలు చేయకపోగా వెనక్కు లాగింది. ఎందుకంటే ఆఫ్రికా మూలాలవారిలో కనిపించే సి.వై.పి.2సి9 రకాలు కొన్ని ఆ లెక్కలో లేనేలేవు. పట్టిక తయారుచేసినవారు ఎవరి నెత్తురు చూశారో, పట్టిక వారికే పనిచేస్తుంది.

మరి మన సంగతి? 2009లో తొమ్మిది దేశాల రోగుల వివరాలతో తయారై పేరుమోసిన లెక్కలో 'ఆసియా వాసి' అని ఒకే ఒక గడి ఉంది. చైనావాడూ, జపానువాడూ, నేనూ, మీరూ అందరం అందులో ఇమడాలి. కాని సింగపూరులో చైనీయులను, మలయులను, భారతీయులను పక్కపక్కన పెట్టి చూసి, 2006లో తేల్చిన మాట వేరు. తక్కువ మోతాదు చాలునని చెప్పే వి.కె.ఓ.ఆర్.సి.1 రకం చైనీయులలో అత్యధికులకు ఉంది, భారతీయులలో కొద్దిమందికే ఉంది. అందుకే అక్కడి భారతీయులకు చైనీయులకన్నా ఎక్కువ మందు కావలసివచ్చింది. ఇద్దరినీ ఒకే గడిలో కూర్చోబెడితే ఎవరికి నష్టం? పైగా మన ఆసుపత్రుల్లో చాలామందికి రాసేది అసలు వార్ఫరిన్ కాదు, దాని చుట్టమైన ఎసినోకౌమరాల్. ఎసిట్రామ్ చీటీ చూడని మందుల షాపు ఉండదు. ఈ కుటుంబపు మందుల మీద కూడా యూరపువారు 2013లోనే ప్రయోగం చేశారు. 12 వారాలకు జన్యువు వల్ల చెప్పుకోదగ్గ లాభం తేలలేదు.

జన్యుశాస్త్ర మిత్రులు 2017 నాటి అమెరికా ప్రయోగం ఎత్తి చూపుతారు. తుంటి, మోకాలి కీళ్ళు మార్పించుకున్న వృద్ధులలో అనర్థాలు 14.7 శాతం నుంచి 10.8కి తగ్గాయి. ఒప్పుకుంటాను, అది నిజమైన మేలు. అయితే అందులో అత్యధికులు తెల్లవారు. మందు వాడేది కొన్ని వారాలు. మన రోగి అలాంటివాడు కాదు.

మన రోగి ఎవరు? చిన్నప్పుడు ఇరుకింట్లో, గొంతునొప్పికి మందు పడక, కీళ్ళ జ్వరం వచ్చి గుండె వాల్వు చెడినవాడు. పేదరికం తెచ్చిపెట్టిన జబ్బు అది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చాక ఇలాంటి ఎందరికో ఉచితంగా వాల్వు మార్పిడి జరిగింది, మెచ్చుకోవలసిన పని. కాని ఆపరేషన్ ఒక్క పూట, లోహపు వాల్వుకు మాత్ర జన్మంతా. మాత్రతోపాటు పరీక్ష జన్మంతా. కూలికి పోయే మనిషి ఐ.ఎన్.ఆర్. కోసం నెలకో రెండు నెలలకో ఒక రోజు కూలి, రానుపోను బస్సు ఛార్జీ, ల్యాబు ఫీజు పోగొట్టుకుని పట్నం రావాలి. ఒకసారి మానేస్తాడు. బాగానే ఉన్నాం గదా అని ఇంకోసారి మానేస్తాడు. ఆ మధ్యలో క్షయకు రిఫాంపిసిన్ మొదలుపెడితే ఈ మందు బలం పడిపోతుంది, విరోచనాలకు షాపులో మెట్రోనిడజోల్ కొనుక్కుంటే పెరిగిపోతుంది. కార్తీకమాసం ఉపవాసాలలో అంకె ఒకలా ఉంటే, వానాకాలం తోటకూర, పాలకూర రోజూ తిన్నప్పుడు మరోలా ఉంటుంది. పుట్టుకతో వచ్చిన జన్యువుకు ఇవేవీ తెలియవు. అది చెప్పగలిగేది ఎక్కడ మొదలుపెట్టాలన్నది, మన రోగి ప్రాణం పోయేదేమో మొదలయ్యాక ఎన్నో ఏళ్ళకు!

"కొత్త మందులు వచ్చాయి, ఈ గొడవంతా పాతబడింది" అనేవారూ ఉన్నారు. ధనిక దేశాలకు పాతబడింది, నిజమే. పరీక్షలు అక్కరలేని మాత్రలు వచ్చాక అక్కడ చాలామంది అటు మళ్ళారు. కాని కృత్రిమ లోహపు వాల్వుల మీద డబిగాట్రాన్ వేసి చూసి, గడ్డలూ రక్తస్రావాలూ పెరిగి, ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితం కూడా 2013దే. కీళ్ళ జ్వరపు గుండెజబ్బుతో గుండె లయ తప్పిన 4,531 మంది మీద రివరాక్సబాన్‌ను పరీక్షించి 2022లో చూస్తే, పాత మందు వాడినవారిలోనే చావులు తక్కువ. ఆ రోగులలో పదిమందికి ఏడుగురికి పైగా ఆడవాళ్ళు, సగటు వయసు యాభై. అంటే వార్ఫరిన్ కుటుంబం ఇక మిగిలేది ఎక్కువగా పేద దేశాలకు, అందులోనూ పేద ఆడవాళ్ళకు. వారికోసం సరైన పట్టిక వేయాలన్న తొందర పెద్ద కంపెనీలకు ఉంటుందనుకోను.

అందుచేత నా వాదన ఇది. జన్యు పరీక్ష వద్దని కాదు, వరస తప్పుతోందని. వేలికొసన చుక్క తీసి నిమిషాల్లో ఐ.ఎన్.ఆర్. చెప్పే చేతి యంత్రాలున్నాయి. చక్కెర పరీక్ష జరిగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఎందుకు ఉండకూడదు? మోతాదు, తేదీ, అంకె, వాడే ఇతర మందులు తెలుగులో రాసి ఉన్న చిన్న పుస్తకం ప్రతి రోగి చేతిలో ఎందుకు ఉండకూడదు? ఆ పుస్తకాలు కొన్ని వేలు పోగయితే, ఎవరికి ఎంత మోతాదు దగ్గర అంకె నిలిచిందో తెలుస్తుంది. అప్పుడు జన్యుశాస్త్ర మిత్రులు ఆ మనుషుల అనుమతితో వారి నెత్తురు చదివితే, అది మన పట్టిక అవుతుంది. ఆ లెక్క లేకుండా జన్యువులు చదవడం ఆలూ లేదు చూలూ లేదు సామెతే.

ఈ ఏడు ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు వెళ్ళే మిత్రులు ఇంటింటి సర్వే కాగితంలో రెండు ప్రశ్నలు అదనంగా చేర్చగలరా? ఈ ఇంట్లో గుండె వాల్వు ఆపరేషన్ అయినవారు ఉన్నారా, ఉంటే వారి చివరి ఐ.ఎన్.ఆర్. కాగితం మీద తేదీ ఏమిటి? మందులు రాయనక్కరలేదు, సలహాలు ఇవ్వనక్కరలేదు. ఆ తేదీలు రాసుకొస్తే చాలు. వాటిని పట్టుకుని జిల్లా వైద్యాధికారి గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను.