జెండా మోసేవారూ, జీతాలిచ్చేవారూ

రగ్బీ ఆట మనలో చాలామంది చూసి వుండరు. కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట అని మాత్రం విని వుంటారు. కాని ఈ ఆటలో ప్రసిద్ధికెక్కిన ఒక పాత కప్పు మన వెండి రూపాయలు కరిగించి చేసిందంటే నమ్ముతారా? 1870ల్లో కలకత్తాలోని తెల్లదొరలు ఒక రగ్బీ క్లబ్బు పెట్టుకున్నారు. మొదట సభ్యులకు కొదవ లేదు. క్లబ్బులో మద్యం ఉచితంగా పోసేవారట! ఆ ఉచితం ఆగేసరికి సభ్యులు పలచబడ్డారని చెబుతారు. పైగా అక్కడి ఎండ. జనం పోలో వైపూ టెన్నిసు వైపూ మళ్ళారు. మిగిలిన కొద్దిమంది క్లబ్బు మూసేసి, బ్యాంకులో వున్న సొమ్ము తీసి, 270 రూపాయలు కరిగించి, పాముల పిడులతో, మూతమీద ఏనుగు బొమ్మతో ఒక కప్పు చేయించి, 1878లో ఇంగ్లండు రగ్బీ యూనియన్‌కు ఇచ్చేశారు. ఇంగ్లండూ స్కాట్లండూ నేటికీ ఆ కలకత్తా కప్పు కోసమే పోటీపడతాయి.

ఆ క్లబ్బు పోతూ పోతూ కూడా ఒక మర్యాద పాటించింది. ఎవరికీ అప్పు పెట్టిపోలేదు. ఈ రోజుల్లో ఇంగ్లండు క్లబ్బుల గురించి ఆ మాట అనగలమా?

రగ్బీ యూనియన్ ఆటలో ఆటగాళ్ళకు డబ్బివ్వడం నూరేళ్ళకు పైగా నిషిద్ధం. 1995 ఆగస్టులో ఆ నిషేధం ఎత్తేశారు. అప్పటిదాకా పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు. ఆ తరవాత ఆటే ఉద్యోగం. ఇందులో తప్పేమీ లేదు. ఎముకలు విరగ్గొట్టుకుని ఆడేవాడికి జీతం వద్దనడానికి మనమెవరం? అయితే ఆ జీతం ఎక్కణ్ణుంచి రావాలి అన్న ప్రశ్నకు ఇంగ్లండు క్లబ్బులు ముప్ఫై ఏళ్ళుగా ఒకటే జవాబు చెబుతూ వచ్చాయి: ఎవరో ఒక ధనవంతుడు ఇస్తాడు, పోతే అభిమానులు ఎలాగూ వున్నారు.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. కామర్సు విద్యార్థులు మన్నించాలి, ఇది మోటు లెక్క. పది క్లబ్బుల లీగులో ఒక్కో క్లబ్బుకు సొంతవూళ్ళో పడే ఆటలు తొమ్మిది. మైదానంలో పదిహేను వేలమంది పడతారనుకుందాం, ప్రతిసారీ నిండిందనే అనుకుందాం. మొత్తం లక్షా 35 వేల టిక్కెట్లు. సగటున 30 పౌన్లు వేసుకుంటే 40 లక్షల 50 వేల పౌన్లు. మరి ఆటగాళ్ళ జీతాలకు లీగు పెట్టిన గరిష్ఠ పరిమితి 2024-25లో 64 లక్షలు, దానిమీద కొన్ని మినహాయింపులు కూడాను! మైదానం క్రిక్కిరిసినా టిక్కెట్ల డబ్బుతో జీతాలకే చాలదన్నమాట. కోచ్‌లు, డాక్టర్లు, కరెంటు, గడ్డి కోసేవాడు — వీళ్ళంతా ఇంకా లెక్కలోకి రాలేదు. మిగతాది టెలివిజనూ, ప్రకటనలూ, మైదానంలో బీరు అమ్మకాలూ ఇవ్వాలి. అవీ చాలకపోతే యజమాని జేబు.

అంచేత క్లబ్బు మునిగినప్పుడల్లా 'జనం రావడం లేదు' అని నిందించడం నాకు అన్యాయంగా తోస్తుంది. 2022 సెప్టెంబరు 24న వూస్టర్ క్లబ్బు తన మైదానంలో న్యూకాజిల్‌ను చిత్తుగా ఓడించింది. రెండు రోజులకే దాన్ని పోటీల నుంచి సస్పెండు చేశారు. ఆగస్టు జీతం పూర్తిగా అందని సిబ్బందే ఆ నెల ఆటలు జరిపించారు. లండన్ ఐరిష్ 2022-23లో లీగులో అయిదో స్థానం సంపాదించింది. 2023 జూన్‌లో దాని కథా ముగిసింది. రెండేళ్ళు తిరక్కుండానే 13 క్లబ్బుల లీగు పదికి దిగింది. 2020లో కరోనా వల్ల మైదానాలు మూతబడ్డ మాట నిజమే. కాని అంతకు ముందే, 2018 చివర్లో, లీగులో 27 శాతం వాటాను ఒక పెట్టుబడి సంస్థకు 20 కోట్ల పౌన్ల పైచిలుకుకు అమ్ముకున్నారు. ఆ సొమ్ము చేతిలో పడి నాలుగేళ్ళయినా కాకముందే క్లబ్బులు కూలడం మొదలైంది.

అన్నిటికన్నా నా మనసును కలచివేసింది వాస్ప్స్ కథ. 1867లో పుట్టిన క్లబ్బు. 2004లో, 2007లో యూరప్ ఛాంపియన్. లండన్ వాయవ్యాన సడ్బరీలో సొంత మైదానం వుండేది. వృత్తి క్రీడ కాగానే అది చిన్నదైపోయింది. 1996లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో అద్దెకు దిగారు. 2002లో వైకూంబ్‌లో ఇంకో ఫుట్‌బాల్ క్లబ్బు దగ్గర అద్దెకు. 2014లో ఏకంగా కవెంట్రీకి! లండన్ నుంచి అది తొంభై మైళ్ళకు పైనే. అక్కడ 32 వేలమంది పట్టే పెద్ద స్టేడియం కొన్నారు. దాని అప్పు తీర్చడానికి 2015లో 6.5 శాతం వడ్డీకి బాండ్లు అమ్మి మూడున్నర కోట్ల పౌన్లు పోగుచేశారు. ఆ బాండ్లు కొన్నవాళ్ళలో అభిమానులూ వున్నారు. ఇదీ నన్ను బాధపెట్టే సంగతి. టిక్కెట్టు కొన్నవాడు ఓటమిని సహిస్తాడు. బాండు కొన్నవాడు తన పొదుపునే జట్టు చేతిలో పెట్టాడు. 2022 మేలో అసలు తీర్చవలసి వుండగా తీర్చలేకపోయారు. అక్టోబరులో క్లబ్బు అప్పుల లెక్క తేల్చే అధికారుల చేతికి వెళ్ళింది. ఆటగాళ్ళూ సిబ్బందీ కలిసి 167 మంది ఒక్కరోజులో ఉద్యోగాలు కోల్పోయారు.

పాత లండన్ అభిమాని ప్రతి శనివారం కవెంట్రీ ఎలా పోతాడు? కవెంట్రీవాడికి తన వూరి పేరుతోనే 1874 నుంచీ ఒక రగ్బీ క్లబ్బు వుంది, కొత్తవాళ్ళ జెండా ఎందుకు మోస్తాడు? అభిమానం బస్సెక్కించి తీసుకుపోయే సామాను కాదు. అది వీధికీ, రైలు స్టేషనుకూ, తండ్రి చెయ్యి పట్టుకుని నడిచిన దారికీ అంటుకుని వుంటుంది.

రిచ్మండ్ సంగతి చూడండి. ఇదీ లండన్ పక్క క్లబ్బే, 1861 నాటిది. 1996లో ఒక కోటీశ్వరుడి డబ్బుతో వృత్తి క్లబ్బు అయింది, మైదానం చాలక రెడింగ్ వెళ్ళింది. 1999లో ఆయన చెయ్యి వదిలాడు. వృత్తి జట్టును లండన్ ఐరిష్‌లో కలిపేశారు. పాత సభ్యులు మాత్రం తమ పాత మైదానంలోనే, అట్టడుగు లీగుల నుంచి, ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టారు. 2016కి రెండో శ్రేణికి ఎక్కారు. అక్కడ నిలవలేక తరవాత దిగిపోయారు. అయినా క్లబ్బు వుంది. దాన్ని మింగిన లండన్ ఐరిష్ వృత్తి జట్టు గతి ఏమైందో పైన చెప్పాను.

అయితే వృత్తి రగ్బీయే బతకదంటారా? అలా అనను. ఫ్రాన్సులో బతుకుతోంది. అక్కడ నలభై వేల పైచిలుకు జనాభా వున్న కాస్త్ర్ పట్టణం 2013లో, 2018లో దేశ ఛాంపియన్ అయింది. దానికీ ఒక మందుల కంపెనీ అండ వుంది, దాచనక్కర్లేదు. కాకపోతే అక్కడ క్లబ్బుల పద్దులు పరిశీలించే సంఘం ఒకటి వుంది. లెక్కలు సరిగా లేకపోతే మైదానంలో గెలిచినా సరే, కింది శ్రేణికి తోసేస్తుంది. మన కాలేజీ యూనియన్ పద్దులకు అలాంటి ఆడిటరు వస్తే ఎంతమంది నిలుస్తారో! ఇంగ్లండులోనూ అంతే గట్టిగా చెయ్యాలి. జీతాల పరిమితి వచ్చే రాబడిని బట్టి వుండాలి గాని, పక్క క్లబ్బు యజమాని ఆస్తిని బట్టి కాదు. దాంతో కొందరు మంచి ఆటగాళ్ళు ఫ్రాన్సుకో జపానుకో పోతారు. పోనివ్వండి. వూస్టర్ అభిమాని మూడేళ్ళు ఆటే లేకుండా గడిపి, 2025లో తన జట్టు రెండో శ్రేణిలో తిరిగి దిగితే మైదానానికి వచ్చాడు. అతను అడిగింది ప్రపంచ ప్రసిద్ధుల్ని కాదు, వచ్చే శనివారం కూడా ఆట వుంటుందన్న భరోసా.

ఇదంతా మనకెందుకంటారా? 2025 జూన్‌లో మనదేశంలోనూ రగ్బీ ప్రీమియర్ లీగు మొదలైంది. జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే పొట్టి ఆట. ఆరు జట్లలో ఒకదాని పేరు హైదరాబాద్ హీరోస్. బాగానే వుంది. కాని ఆ ఏడు ఆటలన్నీ జరిగింది ముంబయిలో! హైదరాబాదు అనే పేరు చొక్కామీద వుందే తప్ప, హైదరాబాదువాడు టిక్కెట్టు కొని చూద్దామంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. పేరు తగిలిస్తే అభిమానం దానంతటదే వస్తుందనుకునేవాళ్ళు దక్కన్ ఛార్జర్సును గుర్తు చేసుకోవాలి. 2009లో క్రికెట్ ఐపీఎల్ గెలిచిన జట్టు, 2012లో రద్దయింది. మరుసటేడు కొత్త యజమానీ, కొత్త పేరూ, కొత్త రంగూ. మనం చొక్కా మార్చుకున్నాం. క్రికెట్ కాబట్టి చెల్లింది. రగ్బీకి ఆ ధీమా లేదు.

హీరోస్ యజమానులకు నా సలహా ఒకటే. స్టేడియం కొనమనను, విదేశీ ఆటగాణ్ణి తెమ్మనను. సంవత్సరానికి రెండు ఆటలు గచ్చిబౌలిలో పెట్టండి, విద్యార్థులకు సగం ధరకు టిక్కెట్టివ్వండి, సాయంత్రాలు మా కాలేజీ గ్రౌండుకు ఒక కోచ్‌ను పంపండి. బంతి మేమే కొనుక్కుంటాం.