కంప్యూటర్ కబుర్లు: కొత్త వెర్షన్‌కు మారే ముందు

మన విభాగాలలో కొన్ని తమ దస్త్రాలనూ ఛాయాచిత్రాలనూ సొంత సర్వర్‌పై నెక్స్ట్‌క్లౌడ్ వంటి వెబ్ అప్లికేషన్‌లో భద్రపరచుకొంటున్నవి. కొత్త వెర్షన్ వచ్చినదని తెరపై కనిపించగానే బటన్ నొక్కవలెనని చేయి తహతహలాడును. మేమూ ఒకప్పుడు అలాగే నొక్కి, తెల్లవార్లూ సర్వర్ గదిలో కూర్చున్నవారమే. బ్యాకప్ ఉన్నదిగదా అన్నదే నాటి మా ధీమా.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచివేసిరి. సుమారు 300 జీబీలో మిగిలినది 4.5 జీబీ. బ్యాకప్‌కై వెదకగా ఆ చోటు ఖాళీ! డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్‌లో ఉండగా, ప్రతి తీసే పనిముట్టు 9.2 వెర్షన్‌ది. రెంటికీ పొసగక ఆ పని విఫలమగుచునే ఉన్నది. ఆ సంగతి తెలుపవలసిన ఈ-మెయిళ్లు సైతం తిరస్కరింపబడి ఎవరికీ చేరలేదు. పరీక్షల నిమిత్తం సుమారు ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి గట్టెక్కిరి. దాచక ఈ వివరాలన్నీ వెల్లడించినది ఆ సంస్థయే, అది మెచ్చదగినది.

నెక్స్ట్‌క్లౌడ్‌లో పై వెర్షన్‌కు ఎక్కిన పిదప కిందికి దిగు మార్గం లేదు. పాత బ్యాకప్‌ను తిరిగి నిలుపుకొనుటయే శరణ్యం. కావున ముందుగా మెయింటెనెన్స్ మోడ్ పెట్టి, ఎవరూ ఏమీ మార్చకుండా చూచి, డేటాబేస్‌తోపాటు డేటా, కాన్ఫిగ్ ఫోల్డర్లకు కూడా ప్రతులు తీయవలెను. డేటాబేస్ ఒక్కటే తీసి ఊరకుండుట బీరువా తాళంచెవి దాచి బీరువాను వదలుకొన్నట్లే. ఆ ప్రతులను వేరొక యంత్రంలో నిలిపి, లాగిన్ అయి, పాత ఫైలు ఒకటి తెరచి చూడవలెను. అది తెరుచుకొన్ననాడే దానిని బ్యాకప్ అనవచ్చును. అందుకు పట్టిన సమయాన్ని కాగితంపై వ్రాసి ఉంచుకొనుడు. ఆపదవేళ పై అధికారులు మొదట అడుగునది అదే.

మార్పు సైతం ముందు ఆ రెండవ యంత్రంలోనే చేయదగును. 27 నుండి నేరుగా 29కి దూకరాదు. 28 మీదుగానే పోవలెను. కొత్త వెర్షన్‌కు కావలసిన పీహెచ్‌పీ తమ సర్వర్‌లో ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను. అదనంగా చేర్చుకొన్న యాప్‌లలో కొన్ని ఆగిపోవచ్చు. అవి ఏవో అక్కడే తేలును.

ఇక ముహూర్తం. జీతాల బిల్లులు పంపు వారం ఎంతమాత్రం వద్దు. సెలవుకు ముందు సాయంత్రమూ వద్దు. ఫోను చేసిన పలుకు మిత్రుడు మరునాడు ఊళ్లో ఉండడు.