వణికే చేతికి దోషమేమిటి?

హైస్కూలు జీవశాస్త్ర పుస్తకంలో 'అసంకల్పిత ప్రతీకార చర్య' అనే మాట కనబడుతుంది. వేడి గిన్నె తగలగానే, మనం తలచేలోపే చేయి వెనక్కు వచ్చేయడం దానికి ఉదాహరణ. ఇలా మన ప్రమేయం లేకుండా జరిగేవాటిని ఆంగ్లంలో 'ఇన్వాలంటరీ' అంటారు. లాటిన్ భాషలో 'వోలుంటాస్' అంటే ఇచ్ఛ. ముందున్న 'ఇన్' నిషేధార్థకం. మన అనువాదకులు ఇచ్ఛ దగ్గర ఆగక 'సంకల్పం' దాకా వెళ్ళారు. ఎంత చక్కని ఎంపిక! ('ప్రతీకారం' అనగానే పిల్లలు పగ అనుకుంటారు గానీ, సంస్కృతంలో దానికి ఎదురుచర్య, చికిత్స అనే అర్థాలూ ఉన్నాయి.) ఇచ్ఛ వట్టి కోరిక. సంకల్పం 'ఇది చేయుదును' అనే నిశ్చయం. పూజారంభంలో దేశకాలాలు, గోత్రనామాలు చెప్పుకునేది అందుకే.

ఈ భేదం మన పెద్దలకు కొత్త కాదు. వైశేషిక సూత్రాల ఐదవ అధ్యాయంలో కణాద మహర్షి రోకటిపోటును పరిశీలించాడు. రోకలిని ఎత్తేది మన ప్రయత్నం. రోటిని తాకి ఎగిరిన రోకలితోపాటు చేయి పైకి లేవడం మాత్రం మన ప్రయత్నం కాదు, ఆ దెబ్బ ఫలితం. నిద్రించేవాని కదలికనూ ఆయన విడిగా చెప్పాడు. తరువాత ప్రశస్తపాదుడు ప్రయత్నాన్ని రెండుగా విభజించాడు. ఇష్టద్వేషాల వల్ల కలిగేది ఒకటి, కేవలం జీవనం వల్ల కలిగేది మరొకటి. నిద్రలో ఊపిరి ఆడేది ఈ రెండవదాని వల్లనే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా రామచంద్రపురంలో కొందరు వృద్ధులు చేతివణుకు వల్ల పూజ మానుకుంటున్నారు. తీర్థం ఒలికింది, అక్షతలు జారాయి, అపచారం జరిగిందని వారి బాధ. ఇంట్లోవారు కూడా "మీరు కూర్చోండి, మేము చేస్తాము" అని పక్కకు తప్పిస్తున్నారు. ఇది నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. వైద్యులు ఆ వణుకును కూడా 'ఇన్వాలంటరీ' అనే అంటారు. సంకల్పం లేని కదలికకు అపచారం ఎలా అంటుతుంది? నోట సంకల్పం చెబుతూ కళ్ళు సెల్‌ఫోన్‌పై నిలిపేవారు ఆలోచించుకోవాలి గానీ, వీరు కాదు.

వణుకును వైద్యునికి చూపించండి, తగ్గించే మందులున్నాయి. పూజ మాత్రం మాన్పించకండి. ఉద్ధరిణె జారితే మరొక ఉద్ధరిణెడు నీరు వదలవచ్చు. హారతి పళ్ళెం బరువైతే, వారి చేతికింద మీ చేయి ఆనించండి.