బెంగ ఇర్రెగ్యులర్ కాదు

స్పానిష్ మొదలుపెట్టి మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అందరూ ఇంచుమించు ఒకే పేజీ దగ్గర ఆగారు: 'ప్రెజెంట్ సబ్జంక్టివ్, ఇర్రెగ్యులర్ క్రియలు'. నేనూ రెండుసార్లు ఆగాను. మార్క్వెజ్‌ని ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా చదవాలన్న నా సరదా అక్కడే పడకేసింది. లోపం నా జ్ఞాపకశక్తిలో ఉందనుకున్నా. కాదు, ఆ పేజీలోనే ఉంది.

అందులో ఉండేది గళ్ల పట్టిక. చెప్పడానికి 'దీగ', చెయ్యడానికి 'ఆగ', బయల్దేరడానికి 'సాల్గ', రావడానికి 'బెంగ'. కంఠతా పట్టమని ఆజ్ఞ. అయ్యా, వీటిలో నియమం తప్పింది ఎక్కడ? 'నేను చెప్తాను' అంటే దీగో. 'చేస్తాను' ఆగో. 'వస్తాను' బెంగో. చివరి 'ఓ' తీసెయ్యండి. మూలరూపం 'ఆర్'తో ముగిస్తే 'ఎ', 'ఎర్', 'ఇర్'లతో ముగిస్తే 'అ' పెట్టండి. అంతే. క్రియ 'నేను' దగ్గరే వంకర తిరిగింది. సబ్జంక్టివ్ ఆ వంకరని బుద్ధిగా కాపీ కొట్టింది. ఇన్‌పుట్‌లో ఉన్న తేడాకి ఫంక్షన్‌ని తిడుతూ బగ్ రిపోర్ట్ రాస్తే ఏ ఆఫీసులోనైనా మొహాన కొడతారు.

నిజంగా మాట విననివి ఆరు: సేర్, ఎస్తార్, ఈర్, అబేర్, సబేర్, దార్. కారణం కూడా కళ్లెదుటే ఉంది. వాటి 'నేను' రూపాలు సోయ్, ఎస్తోయ్, బోయ్, ఎ, సె, దోయ్. తీసెయ్యడానికి చివర 'ఓ' ఏదీ? వీటిలోనూ ఎస్తార్, దార్ మర్యాదగా 'ఎ'నే తగిలించుకుంటాయి, నెత్తిన ఒక గీతతో. మిగిలినవి నాలుగు: సేయ, బాయ, ఆయ, సేప. నాలుగు! 'దోర్మీర్' లాంటివి 'మనం' దగ్గర 'దుర్మామోస్' అని అచ్చు మార్చుకోవడం వేరే గొడవ, ఒప్పుకుంటా, దానికీ సూత్రముంది. 'బుస్కార్' నుంచి వచ్చే 'బుస్కె'లో మారేది స్పెల్లింగ్ మాత్రమే, చెవికి ఏమీ తెలీదు. దాన్ని కూడా ఈ జాబితాలోకి తోసేవాళ్లని ఏమనాలి?

ఈ బట్టీలో పడి అసలు ఈ రూపం ఎందుకో ఎవరూ అడగరు. 'క్వాందో బ్యేనె' అంటే వచ్చినప్పుడల్లా. 'క్వాందో బెంగ' అంటే ఇంకా రాలేదు, ఎప్పుడొస్తే అప్పుడు. (మన బెంగతో చుట్టరికమేమీ లేదు. కానీ అదీ రానివాళ్ల మీదే కదా పెట్టుకుంటాం!) 'తెలుగు వచ్చిన టీచర్ కోసం వెతుకుతున్నా' అంటే మనకి రెండర్థాలు. ఫలానా టీచర్ ఉన్నారు, కనబడటం లేదు అన్నది ఒకటైతే, అలాంటివారు ఎవరైనా దొరుకుతారా అన్నది రెండోది. స్పానిష్‌లో మొదటిది 'సాబె', రెండోది 'సేప'. మనిషి ఉన్నాడో లేడో క్రియే చెప్పేస్తుంది.

మార్క్వెజ్ 1961 పుస్తకం పేరు చూడండి: 'ఎల్ కొరొనెల్ నో త్యేనె క్యెన్ లె ఎస్క్రీబ'. ఇంగ్లీషులో అది 'నో వన్ రైట్స్ టు ద కర్నల్' అయింది. అంటే ఎవరూ రాయరు, రాయగలవాళ్లు ఎక్కడో ఉన్నా ఉండొచ్చు. 'ఎస్క్రీబ' ఆ ఆశ కూడా మిగల్చదు. పెన్షన్ ఉత్తరం కోసం ఏళ్ల తరబడి పోస్టు చుట్టూ తిరిగే ఆ ముసలాయనకి రాసే మనిషంటూ లేడు. ఇంతా చేసి 'ఎస్క్రీబ' పూర్తిగా రెగ్యులర్ రూపమే. అట్ట మీదే ఉంది. నేను మాత్రం లోపలి పట్టిక బట్టీ పడుతూ కూర్చున్నాను.